ప్రామాణిక తాగుబోతు

జరిగినదానికి బాధ్యులెవరని ఎవరైనా అడిగితే నా పేరే చెప్పాలి. వినయం కొద్దీ అంటున్న మాట కాదు, ఫైలులో కూడా అలాగే ఉంది.

నేను రాష్ట్ర విత్తన రవాణా మండలిలో సహాయ గణాంకాధికారిని. పేరు విఠల్. గోదాముల నుంచి ఊళ్లకు విత్తనాల బస్తాలు లారీల్లో చేరవేయడం మా మండలి పని. ఎన్ని బస్తాలు వెళ్లాయో, దారిలో ఎన్ని చిరిగాయో కూడి తీసివేయడం నా పని. ఎనిమిదో తరగతి చదివినవాడు కూడా చేయగల పని ఇది. నేను మాత్రం మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే చదివాను. నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నోరు మూసుకోవడం ఎలాగో మాకు ఎమ్మేలో చెప్పలేదు.

మా సంచాలకులు వైకుంఠరావు గారు ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు. ఆయన శిక్షణకు వెళ్లి వచ్చారంటే మాకు భయం. కిందటిసారి వెళ్లి వచ్చాక ఆరు నెలలు ఆఫీసులో అందరం నిలబడి పనిచేశాం. వెన్నెముకకు మంచిదన్నారు.

“మండలిలో మూడు వందల పన్నెండు మంది డ్రైవర్లున్నారు,” అని మొదలుపెట్టారు. “వీరిలో మద్యపాన వ్యసనపరులెవరో శాస్త్రీయంగా గుర్తించవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది.”

సూపరింటెండెంట్ మొయిన్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆఫీసులో ఉన్న మనిషి. ఆయన చూడని సంచాలకుడు లేడు, ఆయనకు తెలియని నిబంధన లేదు.

“హుజూర్, ఊదే గొట్టం ఉన్నది గద స్టోర్ల. మూడేండ్లాయె కొని. బ్యాటరీలు ఏస్తె అయిపాయె.”

“గొట్టం ఆ పూట సంగతి చెబుతుంది మొయినుద్దీన్ గారూ. ప్రశ్నావళి మనిషి సంగతి చెబుతుంది.”

ఆ మాట బాగుంది. ఇప్పటికీ బాగుందనే అంటాను. మా మండలిలో చాలా మాటలు అంతవరకు బాగానే ఉంటాయి.

“అయితే ప్రశ్నావళికి రెండు లక్షణాలుండాలి. విశ్వసనీయత, సప్రమాణత. ఈ రెండింటికీ తేడా ఎవరికైనా తెలుసా?”

గదిలో పదకొండు మందిమి ఉన్నాం. పది మంది బల్లకేసి చూశారు. పదకొండోవాడు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి నాదే.

“సార్, మా వీధి కిరాణా కొట్లో తక్కెడ కిలోకి యాభై గ్రాములు తక్కువ తూస్తుంది. ఎప్పుడు తూచినా, ఎవరు తూచినా అదే యాభై. అది విశ్వసనీయత. కిలో అన్నది నిజంగా కిలో ఉంటే, అది సప్రమాణత.”

వైకుంఠరావు గారు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు చూస్తూనే ఉన్నారు.

“ప్రశ్నావళి రూపకల్పన మీరే చేయండి. ఆరు వారాల వ్యవధిలో రెండు పర్యాయాలు నిర్వహిద్దాం. రెండు పర్యాయాలూ ఒకే ఫలితం రావాలి. విశ్వసనీయతా గుణకం ఒకటికి ఎంత చేరువైతే మండలికి అంత కీర్తి. అఖిల భారత సదస్సులో ఉత్తమ సాధన ఫలకం మనకే రావాలి.”

ఆ రోజు ఇంటికి నడిచి కాదు, తేలుతూ వెళ్లాను. ప్రమోషను, ఫలకం, ఫలకం పక్కన నా ఫొటో కూడా కనబడ్డాయి. తక్కెడ ఉదాహరణ చెప్పినవాడి చేతికే తక్కెడ ఇస్తారని గాని, ఆ చేత్తోనే తక్కువ తూచమంటారని గాని నాకు తట్టలేదు.

పాత పుస్తకాలు దులిపి పందొమ్మిది ప్రశ్నలు తయారు చేశాను. గత నెల రోజుల్లో ఒంటరిగా తాగారా? తాగి డ్యూటీ ఎగ్గొట్టారా? లారీ నడిపేముందు గాని, నడుపుతూ గాని తాగారా? అన్నిటికీ అవును, లేదు అనే రెండు గడులు, ఒక్కో అవునుకు ఒక మార్కు. పందొమ్మిది అంకె చూడ్డానికి బాగాలేదు. ఇరవయ్యో ప్రశ్న ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఫైలు పంపాల్సిన గంటలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి ఇలా రాశాను: “గత నెల రోజుల్లో, మీ అడుగుల చప్పుడు వినగానే మీ ఇంట్లోవాళ్లు మాటలు ఆపేశారా?”

అది మా ఇంటి సంగతి. నాన్న వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినగానే అమ్మ చెబుతున్న మాట అమ్మ నోట్లోనే ఉండిపోయేది. నేను పుస్తకం తెరిచేవాణ్ని. అంత చదువు నాకు అలాగే వచ్చింది.

“పందొమ్మిదింటికీ ఆధారాలు చూపారు. ఈ ఇరవయ్యోదానికి ఆధారం?” అని అడిగారు సంచాలకులు.

“లేదండి,” అన్నాను.

“నిరాధారమైన ప్రశ్న. పోనీండి, అంకె నిండుతుంది.”

డిపోల నుంచి ఒక సందేహం వచ్చింది, కల్లు లెక్కలోకి వస్తుందా రాదా అని. మా వైపు కల్లు తాగేవాడు తాగుబోతు కాదు. దావతుకు పోయి కల్లు ముట్టకుండా వస్తే పిలిచినవాళ్లకు కోపం వస్తుంది. ఫైలు పైకి వెళ్లి ఇరవై రోజులకు కిందికి దిగింది. “కల్లు విషయము పరిశీలనలో ఉన్నది. తుది నిర్ణయము వెలువడు వరకు దానిని ద్రవముగా పరిగణించవలెను” అని ఉంది. నీళ్లు, చాయ్ సరసన కల్లు కూడా చేరింది.

పరీక్ష పెద్ద గోదాములో పెట్టాం. బస్తాలు జరిపి, జంపఖానాలు పరిచి, డ్రైవర్లను వరసలుగా కూర్చోబెట్టాం. కాగితం పైన పేరు, బ్యాడ్జీ నంబరు, ఇంటి చిరునామా రాయాలి. దాని కింద పెద్దక్షరాల్లో “నిర్భయంగా నిజం రాయండి” అని అచ్చు వేయించాను. దాని కిందే ఏడో నిబంధన: “పది మార్కులు దాటిన వారిని స్టీరింగు నుండి తొలగించెదము. పునఃపరీక్షలో సున్నా వచ్చిన వారిని తిరిగి తీసుకొనెదము.” ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెట్టిన మేధావిని నేనే. డిపో మేనేజర్లు చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నారు. ఉదయం పదిన్నరకు గోదాములో ఎలాంటి వాసన వస్తోందో ఆ ప్రశ్నావళిలో ఎక్కడా అడగలేదు కాబట్టి నమోదు చేయలేదు.

ఫలితాలు చూశాక నా కళ్లు తిరిగాయి. మూడు వందల పదకొండు మందికి సున్నా. ఒకాయన ఎంత నిష్ఠగా రాశాడంటే ఇరవై ప్రశ్నలకూ “లేదు” అని రాసి, పేరు దగ్గర కూడా “లేదు” అనే రాశాడు. రెండో డిపోవాళ్లు చందాలు వేసుకుని “లేదు” అని రబ్బరు స్టాంపే చేయించుకున్నారు.

ఒక్కడికి మాత్రం పదిహేడు వచ్చింది.

మేకల సాయిలు, బ్యాడ్జీ నూట నలభై ఆరు. ఒంటరిగా తాగానని రాశాడు. డ్యూటీ ఎగ్గొట్టానని రాశాడు. ఇరవయ్యో ప్రశ్నకు “అవును” గడిలో కాగితం చిరిగేంత గట్టిగా గీత గీశాడు. మార్జిన్లో “కల్లు వేరే” అని కూడా రాశాడు. మూడింటికి మాత్రం “లేదు” అన్నాడు. అందులో ఒకటి లారీ నడుపుతూ తాగారా అన్నది.

లారీ నడుపుతూ తాగలేదని నేను నమ్మగలిగిన డ్రైవరు మండలి మొత్తం మీద అతనొక్కడే. ఏడో నిబంధన ప్రకారం స్టీరింగు నుంచి దించింది కూడా అతన్నొక్కణ్నే. టార్పాలిన్లు కుట్టే షెడ్డులో వేశారు.

ఇక సప్రమాణత. నిజంగా తాగుబోతులెవరో డిపో మేనేజర్లు విడిగా జాబితా ఇస్తే, ప్రశ్నావళి ఫలితంతో సరిచూడాలి. జాబితా పంపమని రాశాను. “మాకెట్ల తెలుస్తది సార్? మీ పరీక్షల ఎవలు తేలిన్రో రాసి పంపున్రి, సంతకం వెట్టి పంపుతం,” అని మూడు డిపోల మేనేజర్లూ ఫోను చేశారు. సాయిలు పేరు పంపాను. సంతకాలు పెట్టి వెనక్కి పంపారు. సప్రమాణత నూటికి నూరు. సంచాలకులు నా భుజం తట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.

అయిదో వారంలో సాయిలు నా బల్ల దగ్గరికి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, సన్నగా, వేళ్లకు దబ్బనం పోట్లు. పక్కనే భార్య రాజవ్వ.

“సారు, ఇరవయ్యో ప్రశ్న రాసింది నువ్వేనా?”

కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, “కమిటీ రాసింది,” అన్నాను.

“ఎవలు రాసిన్రో గాని, ఆ మనిషి మా ఇంట్ల ఉండి చూసినట్టె ఉన్నది. కడుమ పందొమ్మిదింటికి చకచక గీతలు గీసిన. దాని కాడ చెయ్యి ఆగిపోయింది. నా చిన్న బిడ్డ మస్తు ముచ్చట్లు జెప్తది సారు. నేను గడపల కాలు వెట్టంగనే బందు. అది నాకు గా దినం దాక తెల్వలె. గా పొద్దు సంది ముడ్తలేను. ఇయ్యాలకు ముప్పై నాలుగు దినాలు.”

“కల్లు గూడ,” అంది రాజవ్వ.

“కల్లు గూడ,” అన్నాడు సాయిలు. “ఇంకొక్క వారం ఆగితె మల్ల పరీక్ష. సున్న వస్తది. రూలు ఉన్నది గద సారు, నా స్టీరింగు నాకిస్తరు గద?”

“తప్పకుండా,” అన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు గర్వంగా కూర్చున్నాను. తర్వాత అలవాటు కొద్దీ కాగితం తీసి లెక్క వేశాను.

గుణకం అనేది మనుషుల మధ్య ఉండే తేడా మీద నిలబడుతుంది. మా దగ్గర మూడు వందల పదకొండు మందికి తేడా లేదు. ఉన్న తేడా అంతా సాయిలే. రెండోసారి కూడా అతనికి మార్కులు వస్తే గుణకం సరిగ్గా ఒకటి. పదిహేడే రానక్కర్లేదు, ఒక్క మార్కు వచ్చినా చాలు. సున్నా వచ్చిందా, సున్నాను సున్నాతో భాగించాలి. అప్పుడు గుణకమే ఉండదు, ఫలకమూ ఉండదు. మండలి విశ్వసనీయత మొత్తం ఒక తాగుబోతు మీద ఆధారపడి ఉంది, ఆ తాగుబోతు తాగడం మానేశాడు.

ఈ సంగతి నాలోనే దాచుకోవచ్చు. మళ్లీ వెళ్లి చెప్పాను.

వైకుంఠరావు గారు నిలబడి విన్నారు, తర్వాత కూర్చున్నారు.

“అంటే ఇతడు మన ప్రామాణిక తాగుబోతు. కొలబద్ద వంటివాడు. కొలబద్ద తనంతట తాను పొట్టిదైపోతే ఎట్లా? రెండు పరీక్షల నడుమ స్వభావం మార్చుకోవడమంటే పరిశోధనలో జోక్యం చేసుకోవడమే. వ్యక్తిగత అభివృద్ధి మూలంగా సంస్థాగత విశ్వసనీయతకు విఘాతం కలగడానికి వీల్లేదు.”

సాయంత్రానికి మెమో తయారైంది. “ముందస్తు అనుమతి లేకుండా మద్యపానము మానివేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలియజేయవలెను.” అది టైపు చేసేటప్పుడు మొయిన్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ముప్పై ఏండ్లల్ల తాగినందుకు మెమోలు మస్తు రాసిన విఠల్ సాబ్. ఇది కొత్త,” అన్నాడు.

మర్నాడు ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని, సాయిలును పూర్వస్థితికి పునరుద్ధరించడానికి కావలసిన పరికరం మండలే సమకూర్చాలని తీర్మానించింది. పరికరం అంటే క్వార్టరు సీసా. స్టేషనరీలో ఇంకు పక్కన రాసి, నా పేరు మీద ఇచ్చారు. పునఃపరీక్ష ముందు రోజు సాయంత్రం ఆ పరికరాన్ని అందజేయవలసిన అధికారి సహాయ గణాంకాధికారి.

చేయనని అనొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడుగుతున్నాను. ప్రమోషను జాబితా సంచాలకుల బల్ల మీద ఉంది, అంతకు మించి నా దగ్గర సమాధానం లేదు. ఒక్క మార్కే కదా, ఒక్క గుక్కే కదా అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. రోజూ సాయంత్రం దుకాణం ముందు నిలబడి మా నాన్న చెప్పుకున్న మాట కూడా అదేనని సాయిలు గల్లీ మలుపు తిరిగాక గుర్తొచ్చింది. అయినా నడిచాను.

గల్లీలో సాయిలు కలిశాడు, షెడ్డు నుంచి ఇంటికి వెళ్తున్నాడు. ఇద్దరం కలిసి నడిచాం. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఒక ఆడపిల్ల ఏదో గడగడా చెబుతోంది, రాజవ్వ నవ్వుతోంది. సాయిలు కాలి చెప్పులు బండ మీద టకటకలాడాయి. లోపల మాట ఆగలేదు. సాయిలు నాకేసి చూసి నవ్వాడు. పరీక్షలో మొదటి తరగతిలో పాసైనవాడి నవ్వు అది. తలుపు తోశాడు. పిల్ల తలెత్తి తండ్రిని చూసి, “నాయినా, గప్పుడేమైందో ఎర్కనా,” అంటూ ఆయన వెనకాల నన్ను, నా సంచిని చూసింది. మాట ఆపేసింది. రాజవ్వ నవ్వు కూడా ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఇరవయ్యో ప్రశ్నకు ఇప్పుడు “అవును” రాయాల్సినవాణ్ని నేను. సంచి పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను. మా వాకిట్లో సైకిల్ దిగిన మనిషి ఎలా ఉండేవాడో నాకు లోపలి నుంచే తెలుసు, బయటి నుంచి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చచ్చేంత సిగ్గేసింది.

అయినా వచ్చిన పని చెప్పాను. సీసా తీసి మంచం మీద పెట్టాను. సాయిలు దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

“తాగనక్కర్లేదు సాయిలూ,” అన్నాను గబగబా. “తాగినట్టు ఒక్క ప్రశ్నకు అవునని రాయి. ఒక్కటి చాలు.”

“అబద్ధం రాసేటోన్నైతె మొదాలే రాద్దును గద సారు. స్టీరింగు మీదనే ఉందును.”

“అయితే ఒక్క గుక్క...”

“ఒక్కటి అనేది నాకు లేదు సారు,” అన్నాడు సాయిలు. “నాకు ఒక్కటంటె పదిహేడే.”

రాజవ్వ లేచింది. సీసా తీసుకుని వెనక వాకిట్లోకి పోయి, మూత తిప్పి మోరీలో వంచేసింది. ఖాళీ సీసా కడిగి, కొంగుతో తుడిచి నా సంచిలో పెట్టింది. “నీ రిజిస్టర్ల జూపెట్టుకో సారు,” అంది. తర్వాత చాయ్ ఇచ్చింది. సీసా తెచ్చినవాడికి చాయ్ ఇచ్చే మర్యాద ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు.

పునఃపరీక్షలో సాయిలు ఇరవై “లేదు”లు రాశాడు. మూడు వందల పన్నెండు సున్నాలు. కంప్యూటరు గుణకం దగ్గర ఒక ఎర్ర గీత చూపించి ఊరుకుంది.

మరుసటి రోజు విచారణ. బల్లకు అటు సంచాలకులు, ఇటు సాయిలు, మధ్యలో నేను నిపుణుడిగా, మూలన మొయిన్ సాబ్. రాజవ్వ బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది.

“మన సాధనం సప్రమాణమని రుజువైంది,” అన్నారు సంచాలకులు. “అది ఒకే మనిషికి ఒకసారి పదిహేడు, ఒకసారి సున్నా ఇవ్వజాలదు. కావున ఇతడు ఒక పర్యాయం అసత్యం రాశాడు. మొదటిది అసత్యమైతే తప్పుడు సమాచారమిచ్చిన నేరం, సస్పెన్షను. రెండోది అసత్యమైతే ఇంకా తాగుతున్నట్టు, స్టీరింగు రాదు. విఠల్ గారూ, నిపుణులుగా ఒక్క మాటలో తేల్చండి. ఏది అసత్యం?”

చంకల్లో చేతులు పెట్టుకున్న మనిషి కళ్ల ముందు కదిలాడు.

“రెండూ నిజమే సార్. మధ్యలో మనిషి మారాడు. తక్కిన మూడు వందల పదకొండు మందే రెండుసార్లూ...”

“ఆ మూడు వందల పదకొండు మంది నిలకడగా ఉన్నారు!” బల్ల చరిచారు. “నిలకడే విశ్వసనీయత. మీరే చెప్పారు, కిరాణా కొట్టు!”

నేనే చెప్పాను.

“రెండూ నిజమైతే మూడోది ఏదో అసత్యం కావాలి. ఫైలు ఎట్లా మూయాలి?”

మొయిన్ సాబ్ దగ్గాడు. “హుజూర్, ఇంకొక దారున్నది. ‘గణాంకాధికారి నమోదు పొరపాటు’ అని ఫారంల ఒక గడి ఉంటది. సాయిలుది మొదటిసారి గూడ సున్ననే, సారు ఎక్కించేటప్పుడు పదిహేడు పడ్డది అంటె, రెండుసార్లు అందరికి సున్న. మన మండలిల తాగెటోడే లేడు. గుణకమెందుకు హుజూర్, ‘సంపూర్ణ మద్యరహిత సంస్థ’ అని వేరే ఫలకమే ఉన్నది.”

వైకుంఠరావు గారి ముఖం విచ్చుకుంది. కాగితం నా ముందుకు జరిగింది. సంతకం చేస్తే ప్రమోషను ఉండదు, బదిలీ ఉంటుంది. చెయ్యకపోతే సాయిలు ఉండడు. మొయిన్ సాబ్ నన్ను కాక గోడను చూస్తున్నాడు.

పెన్ను తీశాను. నేను అడ్డుకుంటానని ఎవరూ అనుకోలేదు. అడ్డుకున్నది సాయిలు.

“గదెట్ల సారు! పొరపాటేంది? నేను తాగింది నిజం. పదిహేడు నాదే.”

“ఊరుకోవయ్యా,” అన్నాను. “నీ స్టీరింగు వస్తోంది.”

“వస్తె వచ్చింది గాని, నా పదిహేడు తీసేస్తె ఎట్ల? అది లేకుంటె ఈ సున్నకు ఇలువేముంది సారు? వాళ్ల సున్న, నా సున్న ఒక్కటేనా?”

ఆరు వారాల్లో మా మండలిలో సప్రమాణత గురించి ఎవరైనా అర్థమై అన్న మాట అదొక్కటే. ఎమ్మే చదివిన నాకు రెండేళ్లలో అంత బాగా ఎవరూ చెప్పలేదు.

బయట బెంచీ మీది నుంచి రాజవ్వ లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

“నీ పదిహేడు ఎంతనో నాకెర్కనే,” అంది మొగుడితో. “నీ సున్న ఎంతనో గూడ ఎర్కనే. వాళ్ల కాయితం మీద ఉంటేంది, లేకుంటేంది? ఊకో ఇగ.”

సాయిలు ఊరుకున్నాడు. నేను సంతకం చేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ అబద్ధం.

ఆ తర్వాత అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. మండలికి ఫలకం వచ్చింది. దాని పక్కన వైకుంఠరావు గారి ఫొటో ఉంది. మద్యరహిత సంస్థ అయిన సందర్భంగా రెండో డిపోవాళ్లు దావతు చేసుకున్నారు, ద్రవం ధారాళంగా పారిందని విన్నాను. ఏడో నిబంధన కింద సాయిలుకు స్టీరింగు ఇస్తూ ఆర్డరు మొయిన్ సాబ్ అదే రోజు తీశాడు. నా ఆర్డరు కూడా ఆయనే తీశాడు. అజాగ్రత్త కారణంగా నన్ను మల్లన్నగుట్ట గోదాములో టార్పాలిన్ల లెక్కకు బదిలీ చేశారు. ఖాళీ సీసా ఇంకా నా పేరు మీదే ఉంది, స్టోర్సువాళ్లు ద్రవం లేకుండా వాపసు తీసుకునేది లేదన్నారు.

మల్లన్నగుట్టకు బస్సు లేదు. సామాన్లతో సహా నన్ను సాయిలు లారీలో తీసుకెళ్లాడు. దారిలోనే వాళ్ల గల్లీ వస్తుంది. “బువ్వ తిని పోదం సారు,” అని బండి ఆపాడు. వద్దన్నాను. నా అడుగుల చప్పుడుకు ఆ ఇంట్లో ఏమైందో నాకు గుర్తుంది. వినకుండా లాక్కెళ్లాడు.

తలుపు తోసేసరికి చిన్న పిల్ల నోటి నిండా అన్నం పెట్టుకుని ఏదో చెబుతోంది. నన్ను చూసింది. నా సంచిని చూసింది. నేను గడపలో ఆగిపోయాను. పిల్ల అన్నం మింగి, ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. రాజవ్వ నాకు పీట వేసి, పిల్ల మాట వింటూనే వడ్డించింది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చిమిర్చి తొక్కు మీదికి నెట్టాను.

అయితే గణాంకాధికారిగా నేను బాధ్యత లేకుండా మాట్లాడకూడదు. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని బట్టి ఏదీ తేల్చలేం, కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చూడాలి. అందుకని చెయ్యి కడుక్కుంటూ, వచ్చే ఆదివారం కూడా భోజనానికి రావచ్చా అని సాయిలును అడిగాను.